ఎరుగుట

ధ్యానాంశము: సామెతలు 12:10

14 ఏండ్లు మా గడపను కాచిన కుక్క ఒక రాత్రి తలుపు తెరచుకొను వైపు గాక మడతబందుల వైపు నిలిచి మూలుగుచుండెను. తెల్లవారుసరికి నేల తడిసియుండెను. నేను కోపముతో గద్దించితిని. అది నన్ను ఎన్నడును ఎరుగనట్లు చూచెను.

పశువైద్యుడు దాని కన్నులు, చెవులు, కీళ్లు, మూత్రపిండములు పరీక్షించి, ఇది ముసలితనపు మతిభ్రంశమని చెప్పెను. మనుష్యుల అల్జీమర్స్ వ్యాధిలోవలెనే ముసలి కుక్కల మెదడులోను అమిలాయిడ్ అను మాంసకృత్తు పేరుకొనును. పగటి నిద్ర, రాత్రి సంచారము, సొంత యింటిలోనే దారి తప్పుట దీని గురుతులు. పూర్తిగా కుదుర్చు మందు లేదు, సేవ కలదు. నీటిపళ్లెమును పడకను చోటు మార్చకుండుట, వేళకు తిండి పెట్టుట, తరచుగా బయటికి తీసికొనిపోవుట, జారు నేలపై గోనెపట్టా పరచుట, రాత్రి చిన్న దీపముంచుట.

నీతిమంతుడు తన పశువు ప్రాణము యెడల చేయుదానిని తెలుపు హెబ్రీ క్రియకు మూలార్థము ‘ఎరుగుట’. నేను నేల తడిసినదని ఎరిగితిని గాని, ఆ ప్రాణము పడు భయమును ఎరుగనైతిని. ఆ రాత్రి దీపము వెలిగించి, దాని మెడపై చేయి వేసి, తలుపు తెరచుకొను వైపునకు నడిపించితిని.

ప్రియ చదువరీ, అది నన్ను మరచినది గనుక ఎరుగవలసిన భారమిప్పుడు నాది. ఒకనాడు మన జ్ఞాపకమును మనలను విడువవచ్చును. ఆనాడు మనము దేవుని ఎరుగుటచేత గాక, ఆయన మనలను ఎరుగుటచేతనే నిలిచియుందుము.

ప్రార్థన: ప్రభువా, మమ్మును మరచినవారిని గద్దింపక ఎరుగు హృదయము మాకు దయచేయుము. ఆమేన్.