శంకించువాని బాధ్యత

ఒక గ్రంథము గాని, ఒక పద్యము గాని ఒకరి పేరిట లోకములోనికి వచ్చినప్పుడు అది నిజముగా వారిదేనా అని అడుగుట తప్పు కాదు. అడుగకుండుటయే తప్పు. అయితే ఆ ప్రశ్న సత్యము తెలిసికొనవలెనను కోరికతో పుట్టినదో, ఆ మాట తమకు రుచింపకపోవుటచేత పుట్టినదో పైకి తెలియదు. అడుగువానికి కూడ ఒక్కొక్కప్పుడు తెలియదు. ఆంధ్ర సాహిత్య చరిత్రలో రాజమహేంద్రవరమును ఆశ్రయించుకొని జరిగిన రెండు వివాదములను పక్కపక్కన పెట్టి చూచినచో ఈ సంగతి కొంత స్పష్టపడును.

నన్నయభట్టు రాజరాజనరేంద్రుని ఆస్థానములో, గోదావరీ తీరమున, 11వ శతాబ్దిలో భారతాంధ్రీకరణమునకు పూనుకొన్న మహాకవి. ఆయన పేరిట ఆంధ్రశబ్దచింతామణి అను తెలుగు వ్యాకరణము, సంస్కృత భాషలో, ఆర్యావృత్తములలో ప్రచారమునకు వచ్చినది. వచ్చినది ఎప్పుడు? నన్నయకు దాదాపు ఆరువందల ఏండ్ల తరువాత, 17వ శతాబ్దిలో. ఈ నడుమ అది ఎక్కడ ఉన్నదన్న ప్రశ్నకు సమాధానముగా ఒక కథ పుట్టినది. భీమకవి నన్నయపై కోపముచేత ఆ గ్రంథమును గోదావరిలో పారవైచినాడట. రాజరాజు కుమారుడు సారంగధరుడు దానిని ముందే కంఠస్థము చేసియుండినాడట. ఆయన సిద్ధుడై, శతాబ్దములు గడచిన పిదప మతంగగిరిపై బాలసరస్వతికి దానిని అందించినాడట. 1656 ప్రాంతమున అప్పకవి ఈ కథను తన గ్రంథములో ఆదరముతో చెప్పినాడు. ఆధునిక పరిశోధకులలో అధికులు ఆ వ్యాకరణము నన్నయది కాదనియే తలచుచున్నారు. కాని చాలకాలము పండితలోకము దానిని నన్నయ కృతిగానే మన్నించినది. సారంగధరుని వయస్సెంత అని లెక్క కట్టవలెనని తోచినవారు ఆనాడు బహుశః తక్కువ.

రెండవ వివాదము 20వ శతాబ్దిలోనిది. మానవల్లి రామకృష్ణకవి తంజావూరు సరస్వతీమహలులో లభించిన ప్రతి ఆధారముగా నన్నెచోడుని కుమారసంభవమును 1909లో ఒక భాగముగను, 1914లో మరియొక భాగముగను ప్రకటించినారు. పండ్రెండు ఆశ్వాసముల శైవకావ్యమది. రాజవంశమువాడైన కవి దానిని ఏ ప్రభువునకును కాక, తన గురువైన జంగమ మల్లికార్జునునకు అంకితము చేసినాడు. ఇంతవరకే అయినచో ఆంధ్రులు సంతోషించి యూరకుందురేమో. కాని మానవల్లివారు కవి కాలము 940 ప్రాంతమని, అనగా నన్నయకు పూర్వుడని నిర్ణయించినారు. ఆదికవి పీఠమునకే కదలిక వచ్చినది. కొందరు కాలనిర్ణయమును ఖండించినారు. అది న్యాయము. మరికొందరు ఇంకను ముందుకు పోయి, ఈ కావ్యము పూర్వకవిది కానే కాదు, ప్రకటించినవారే కల్పించినారన్నారు.

ఈ అభియోగమునకు చూపిన సాక్ష్యములు, దానిని కాదనుటకు చూపిన సాక్ష్యములు తరచుగా ఒక్కటే. కావ్యములో అపూర్వములైన తెలుగు పదములు, కన్నడ తమిళ పదములు కలవు. ప్రాచీనతకు గుర్తని ఒకరు, పాతదనము కొరకు పనిగట్టుకొని చొప్పించినవని మరియొకరు. అథర్వణుని పేరిట గల ఛందోగ్రంథములో ఒక పద్యమున్నది. కృత్యాదిని మగణము వెంట రగణము నిలిపినందున టేంకణాదిత్యుడు యుద్ధమున మడిసినాడని దాని భావము. టేంకణాదిత్యుడన్నది నన్నెచోడుని బిరుదు. కుమారసంభవము స్రగ్ధరా వృత్తముతో మొదలగును. స్రగ్ధరకు మొదటి గణములు మగణ రగణములే. ఇంతకంటె నిదర్శనమేమి కావలెనని ఒకరందురు. ఆ పద్యమును చూచియే కల్పించినవాడు స్రగ్ధరతో ప్రారంభించియుండవచ్చును గదా అని ఇంకొకరందురు. (అథర్వణుని కాలమును గూర్చియు వివాదమున్నదనుట వేరే చిక్కు.)

ఇట్టి తర్కమునకు అంతము లేదు. సరిపోలినచో కూటకర్త నేర్పరి, సరిపోలనిచో కూటకర్త అజ్ఞాని. ఏ ఆధారము చూపినను అభియోగమే బలపడునట్టి స్థితిలో దానిని విమర్శ అనుట కష్టము. ఏది చూపినచో తన శంక తీరునో ముందుగా చెప్పగలిగినవాడే శంకించుటకు అర్హుడు. ఏమి చూపినను తీరని శంక ఆ గ్రంథమును గూర్చి ఏమియు చెప్పదు. సారంగధరుని కథకు తల యూపిన సంప్రదాయమే, చేతిలో ప్రతి పెట్టుకొని వచ్చినవానిని దోషిగా నిలబెట్టినది. ఒకటి అభిమానించిన కవికి కీర్తి పెంచినది, రెండవది ఆయన ఆసనమును కదిపినది. భేదమంతయు ఇక్కడనే యున్నది.

ఇంత చెప్పి వీరశైవులు తమ లోపమును మరువరాదు. జంగమునకు అంకితమైన కావ్యము నన్నయకంటె ముందున్నదనిన మనస్సు పొంగుట సహజము. ఆ పొంగుచేతనే 940 అను సంవత్సరమును పట్టుకొని వ్రేలాడినవారు లేకపోలేదు. తరువాతి పరిశీలనలో పండితులలో పెక్కుమంది నన్నెచోడుని 12వ శతాబ్దికి తెచ్చినారు. కావ్యము నిజమైనది, కాలము మాత్రము పొరపాటు అని యంగీకరించుటకు ఇరుపక్షముల వారికిని చాల కష్టమైనది. మానవల్లివారు కాలమును అంత వెనుకకు జరుపకపోయినచో కూటకృతి యను మాట ఇంత గట్టిగా పుట్టెడిది కాదేమో. అధికముగా సాధింపబోయినందున ఉన్నదానికి కూడ శంక తగిలినది.

బసవేశ్వరుడు అసత్యమును, పరనిందను ఒకే వరుసలో చేర్చి విడువుమన్నాడు. ఈ సందర్భములో ఆ రెండును ఎదురెదురుగా నిలుచును. లేని కవిని కల్పించుట అసత్యము. కల్పింపనివానిని కల్పించినాడనుట పరనింద. మొదటిదానికి భయపడి రెండవదానికి దిగినవాడు తాను సత్యమునే రక్షించుచున్నాననుకొనును.

వేమన పద్యముల విషయము ఇంకను చిక్కైనది. సి.పి. బ్రౌను 1829లో 693 పద్యములను, 1839లో 1164 పద్యములను ప్రకటించినాడు. ఆటవెలది వ్రాయగలిగి, చివర మకుటము తగిలింపగలిగిన ప్రతివాడును ఒక పద్యమును ఆ రాశిలో కలుపగలడు. వచనములకు అంకితముద్ర కూడ అంతే. అది కర్తకు గుర్తు గాని, తాళము కాదు. నేడు ఫోనులలో బసవేశ్వరుని పేరిట ప్రతి ఉదయము వచ్చు మాటల మూలమెక్కడిదని అడిగినచో పంపినవారికి కోపము వచ్చుచున్నది. తమకు నచ్చని వచనము అచ్చు పుస్తకములో ఉన్నను, ఎవరో చేర్చినదని త్రోసివేయువారును మఠములలోనే కలరు. ఏ సంపుటములో, ఏ ప్రతి ఆధారముగా అని ఇరువురను ఒకే గొంతుతో అడుగవలసి యున్నది.

మానవల్లి రామకృష్ణకవి 1957లో పరమపదించినారు. ఆయన కూటకర్త అని ఎవరును రుజువు చేయలేకపోయినారు. నన్నెచోడుడు నేడు పాల్కురికి సోమనాథునితోను, మల్లికార్జున పండితారాధ్యునితోను కలిసి శివకవిత్రయములో లెక్కింపబడుచున్నాడు. ఆయన కాలమును గూర్చిన చర్చ మాత్రము సాగుచునే యున్నది.