ముఖం ఎవరి కోసం?



ఒక విభూది బుధవారం నాడు నేను చేసిన పొరపాటుతో ఈ మాటలు మొదలుపెడతాను. ఆ ఉదయం పూజలో, మన్ను నుండి వచ్చి మన్నులో కలిసే ఈ శరీరం మీద మనకున్న వ్యామోహాన్ని గురించి ప్రసంగించాను. మధ్యలో, సెల్‌ఫోను చూసి అద్దం ముందు ముఖ వ్యాయామాలు చేసేవారిని అనుకరించి చూపాను. బుగ్గలు పూరించాను, పెదవులు సున్నాలా చుట్టాను, కనుబొమలు ఎగరేశాను. "ఆపరేషను లేకుండానే పదేళ్ళు తగ్గిస్తారట! విభూది పెట్టుకునే ముఖానికి కసరత్తులా?" అన్నాను. గుడి అంతా నవ్వింది. ప్రసంగం బాగా పండిందనుకున్నాను.

పూజ అయ్యాక ఒక తల్లి వరండాలో నా కోసం నిలబడి ఉన్నది. "ఫాదర్‌గారూ, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మీరు చెప్పిన ఆ బుగ్గలు పూరించే మనిషిని నేనే" అన్నది.

ఆమె వయసు 46. భర్త చనిపోయాడు. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. పట్నంలో ఒక బట్టల దుకాణంలో, చీరల కౌంటరు దగ్గర, పదకొండేళ్ళుగా పని చేస్తున్నది. ముందు నిలబడే వాళ్ళ ముఖాలు కాస్త కళగా ఉండాలని యజమాని ఒకనాడు అందరి ఎదుటా అన్నాడట. ఆమెకన్నా పెద్దావిడను అప్పటికే లోపల చీరలు మడతపెట్టే పనికి మార్చారు. అక్కడ అమ్మకాల మీద వచ్చే కమిషను ఉండదు. అందుకని ఈమె రోజూ తెల్లవారుజామున, పిల్లలు లేవకముందే, అద్దం ముందు అరగంట కూర్చుంటున్నది. "ఇంజెక్షన్లకు, ఆపరేషన్లకు నా దగ్గర డబ్బెక్కడిది ఫాదర్‌గారూ? దీనికైతే పైసా ఖర్చు లేదు. ఇది పాపమా?" అని అడిగింది.

ఇది పాపసంకీర్తనంలో విన్న మాట కాదు. ఊరూ పేరూ లేకుండా రాయండి, నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు అని ఆమే అన్నది. ఆ రోజు నేను తడబడ్డాను. ఈ వారం ఆమెకు, ఆమెతోపాటు మీకు, జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా, నేను ఎగతాళి చేసిన విషయంలో నిజమెంతో చూద్దాం. మన శరీరంలో చాలా కండరాలు ఎముక నుండి ఎముకకు అతుక్కుని ఉంటాయి. ముఖ కండరాలు అలా కాదు, వాటిలో చాలావాటికి ఒక కొస చర్మంలోనే ఉంటుంది. అందుకే మనసులో మెదిలింది ముఖం మీదికి వస్తుంది. వయసు పైబడితే చర్మం కింది కొవ్వు పలచబడి, కిందికి జారుతుంది, బుగ్గలు లోపలికి పోతాయి. అక్కడి కండరాలను బలపరిస్తే ఆ ఖాళీ కొంత నిండుతుందన్నదే ఈ వ్యాయామాల వెనుక ఉన్న ఆలోచన. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ వైద్యులు దీనిని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. 40 నుండి 65 ఏళ్ళ మధ్య వయసున్న 27 మంది స్త్రీలు అందులో చేరారు. చివరిదాకా నిలిచినవారు 16 మంది. మొదటి 8 వారాలు రోజూ 30 నిమిషాలు, ఆ తరువాత 20వ వారం వరకు రోజు విడిచి రోజు చేశారు. వారి ఫోటోలు చూసి నిపుణులు అంచనా కట్టిన సగటు వయసు 50.8 నుండి 48.1కి తగ్గింది. స్పష్టమైన మార్పు కనిపించింది బుగ్గల నిండుదనంలోనే. వ్యాయామం చేయనివారితో పోల్చి చూడలేదు కాబట్టి దీనిని తిరుగులేని రుజువు అనలేము. అయినా ఇది పూర్తిగా బూటకం కాదు. నేను ఎగతాళిగా చెప్పిన పదేళ్ళూ కాదు. సుమారు యాభై గంటల శ్రమకు చూపులో మూడేళ్ళకు కొంచెం తక్కువ.

మరి ఇది పాపమా? గురువిద్యాలయంలో మేము చదువుకున్న పునీత తోమాసు అక్వినాసుగారు బాహ్యాలంకారాన్ని గురించి నిదానంగా ఆలోచించారు. వస్తువులో దోషం లేదు, దానిని మితం తప్పి వాడే మనిషిలో ఉంటుంది దోషం అంటారాయన. లేని అందాన్ని ఉన్నట్టు చూపడం వేరు, జబ్బు వంటి కారణం వల్ల వచ్చిన లోపాన్ని కప్పుకోవడం వేరు అని కూడా తేడా చూపించారు. ముఖానికి పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకు పోయినవారికి ఫిజియోథెరపీ చేసేవారు అద్దం ముందు ఇటువంటి వ్యాయామాలే నేర్పుతారు. అన్నం జారిపోకుండా తినడానికి, కన్ను మూయడానికి, మనవడిని చూసి నవ్వడానికి ఆ రోగి బుగ్గలు పూరిస్తే నవ్వేవారు ఎవరు? చేసే పని ఒకటే. దాని బరువు తేల్చేది ఉద్దేశం.

కాబట్టి, అమ్మా, నీ పిల్లల అన్నం కోసం నువ్వు చేసుకునే ఆ అరగంట పాపం కాదు. నిన్ను నవ్వులపాలు చేసిన నా మాటే తప్పు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. విభూది బుధవారం సువిశేషంలో ప్రభువు ఉపవాసం ఉండేవారిని ముఖం కడుక్కోమన్నారు, తలకు నూనె రాసుకోమన్నారు. పీక్కుపోయిన ముఖాన్ని పదిమందికీ ప్రదర్శించడం కూడా డాంబికమే అన్నారు. ఆ సువిశేషం చదివిన నోటితోనే, అయిదు నిమిషాలైనా కాకముందే, ముఖాన్ని చూసుకునేవారిని ఎగతాళి చేశాను.

అయితే ఇక్కడ పాపమే లేదా? ఉంది. అది అద్దానికి ఇవతల కాదు, దుకాణం గుమ్మం దగ్గర ఉంది. మనిషి పనితనాన్ని కాక ముఖాన్ని చూసి విలువ కట్టడం పాపం. యాకోబుగారి లేఖ రెండవ అధ్యాయం పక్షపాతాన్ని ఖండిస్తుంది. అక్కడ వాడిన గ్రీకు మాటకు అక్షరార్థం 'ముఖాన్ని స్వీకరించడం'. మన మొగమాటంలోనూ, ముఖప్రీతిలోనూ ఉన్నది ఆ ముఖమే. ఉంగరం పెట్టుకున్నవాడికి పీట వేసి, పేదవాడిని నిలబెట్టిన సంఘాన్ని యాకోబుగారు నిలదీశారు. పదకొండేళ్ళ అనుభవాన్ని గోదాములోకి నెట్టి, నునుపైన బుగ్గలను ముందు నిలబెట్టే దుకాణాన్ని ఆయన ఏమనేవారో మనం ఊహించుకోవచ్చు.

నేను ఆ యజమాని దగ్గరకు వెళ్ళాను. మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. "నాకేం పట్టింపు లేదండీ, కొనేవాళ్ళే అలా చూస్తారు" అన్నాడు. దారి పొడుగునా ఆ మాట నన్ను వదలలేదు. కొనేవాళ్ళు ఎవరు? క్రిస్మసుకు, పెళ్ళిళ్ళకు, పిల్లల తొలి సత్ప్రసాద స్వీకారానికి బట్టల కోసం వెళ్ళే మనమే కదా! పెద్దావిడ ఉన్న కౌంటరు వదిలి, నవ్వుతూ పిలిచిన చిన్నపిల్ల దగ్గరకు వెళ్ళేది మనమే. పెళ్ళిచూపుల నుండి వచ్చి రంగు గురించి, వయసు గురించి మాట్లాడుకునేదీ మనమే. ఏళ్ళ తరబడి వంటింటి సెగలో, పొలం ఎండలో వాడిన భార్య ముఖాన్ని చూసి "ముసలిదానివైపోయావు" అని వేళాకోళమాడే భర్త కూడా మనలోనే ఉన్నాడు. అతని బనీను కింద పొట్ట ఆమెకు కనబడదా? ఆమె మాట్లాడదు, అంతే.

ముఖం గురించి ఒక చిన్న సంగతి ఆలోచించండి. మన చేతులు మనకు కనబడతాయి, కాళ్ళు కనబడతాయి. అద్దం లేకుండా కనబడనిది మన ముఖమే. నుదుట పెట్టిన విభూది కూడా మనకు కనబడదు, పక్కనున్నవారికే కనబడుతుంది. దేవుడు ముఖాన్ని ఎదుటివారి కోసం ఇచ్చాడని దీని అర్థం కాదా? తల్లి ముఖం బిడ్డకు ధైర్యం. నర్సు ముఖం రోగికి సగం మందు. అయితే ఎదుటివారి కోసం ఇచ్చిన దానిని ఎదుటివారికి భయపడి దాచుకునే స్థితి వచ్చిందంటే, చూసే కళ్ళకే ఏదో జబ్బు చేసిందన్నమాట. ముఖానికి వ్యాయామం ఉన్నట్టే చూపుకూ వ్యాయామం కావాలి.

వయసును దాచుకోని ఒక ముఖాన్ని మనలో చాలామంది టీవీలో చూశాం. పునీత రెండవ జాన్‌పాల్ పోపుగారు యౌవనంలో నాటకాలాడినవారు. ముఖంతో భావాన్ని ఎలా పలికించాలో తెలిసినవారు. వృద్ధాప్యంలో పార్కిన్‌సన్ వ్యాధి వచ్చింది. అది ముఖ కండరాలను బిగదీసి, నవ్వును కూడా బయటికి రానివ్వదు. 1999లో వృద్ధులకు లేఖ రాసినప్పుడు, తనూ వారిలో ఒకడిగానే రాశారు. 2005 మార్చి 27న, ఈస్టరు ఆదివారం నాడు, కిటికీ దగ్గరకు వచ్చి మాట్లాడబోయారు. మాట రాలేదు. చేతితోనే దీవించారు. ఏప్రిల్ 2న కన్నుమూశారు. ఆ బిగుసుకున్న ముఖాన్ని దాచమని లోకం చెప్పి ఉండవచ్చు. ఆయన దాచలేదు. వృద్ధులూ, రోగులూ అందులో తమ ముఖాన్ని చూసుకున్నారు.

అందరూ అంతటి ధైర్యంతో ఉండాలని నేను అనను. ఆయన ముఖాన్ని చూసి జీతం తగ్గించేవారు ఎవరూ లేరు, ఆమెకు ఉన్నారు. వ్యాయామం చేసుకోవాలనిపిస్తే చేసుకోండి. కాని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది నన్ను సంతోషపెడుతున్నదా, భయపెడుతున్నదా? దీనివల్ల ఇంట్లోవారికి ఇవ్వవలసిన సమయం తగ్గుతున్నదా? ఒక కొత్త ముడత కనబడితే ఆ రోజంతా పాడవుతున్నదా? మూడో దానికి అవునని జవాబు వస్తే, ముఖాన్ని కాసేపు విడిచి మనసును చూసుకోవాలి. బయటి మనిషి కృశిస్తున్నా లోపలి మనిషి దినదినం నూతనమవుతాడని పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన రెండవ లేఖలో చెప్పారు. ఆ లోపలి మనిషికి కావలసిన అరగంట కూడా తీసి పెట్టండి.

ఆ తల్లి ఇంకా చీరల కౌంటరు దగ్గరే ఉన్నది. వచ్చే సీజనుకు అక్కడ ఉంటుందో ఉండదో నాకు తెలియదు. మీరు ఈసారి బట్టలకు వెళ్ళినప్పుడు, కళ్ళ కింద చారలున్న మనిషి నిలబడిన కౌంటరు దగ్గర ఆగండి. ఆమెనే చీరలు చూపించమనండి, ఆమె దగ్గరే కొనండి. బయటికి వస్తూ యజమానితో, ఆవిడ చాలా బాగా చూపించిందండీ అని ఒక్క మాట చెప్పండి. తపస్సుకాలంలో చేయదగిన పుణ్యకార్యాలలో అది కూడా ఒకటి.

దేవుని ముఖకాంతి మీ ఇళ్ళ మీద ప్రకాశించును గాక.