అనుభవానికి లెక్క

“అత్తయ్యా, ఇంకో యాభై ఎక్స్‌పీరియన్స్ వచ్చిందంటే మా దొంగ మూడో లెవెల్‌కి వెళ్ళిపోతాడు!” అన్నాడు సెలవులకి వచ్చిన మా మేనల్లుడు. ముందుగదిలో నలుగురు స్నేహితులు, మధ్యన ఇరవై ముఖాల పాచిక. కాఫీలు పట్టుకొచ్చినదాన్ని ట్రేతో సహా నిలబడిపోయాను. అనుభవాన్ని కిరాణాకొట్లో కందిపప్పులా కొలిచి పోస్తారని నాకు అంతవరకూ తెలీదు మరి!

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. ఒకడు కథ నడుపుతాడు. తక్కినవాళ్ళు తలా ఒక పాత్ర: వీరుడు, మంత్రగాడు, పూజారి, దొంగ. నేలమాళిగల్లో దిగి, రాక్షసుల్ని తప్పించుకునో గెలిచో నిధులు తేవాలి. దాన్నిబట్టి అనుభవం, అనుభవాన్నిబట్టి లెవెల్, లెవెల్ పెరిగితే దెబ్బలకి ఓర్చుకునే శక్తి, కొత్త మంత్రాలూ. నవలలు రాసుకునేదాన్ని కదా, పాత్రలు ఎలా ఎదుగుతాయంటే చెవి కోసుకుంటాను. అక్కడే కూచున్నాను.

వాళ్ళు పెట్టుకున్నది 1981 నాటి పుస్తకం. అందులో రెండో లెవెల్‌కి వెళ్ళాలంటే వీరుడికి 2,000 పాయింట్లు కావాలి, గ్రంథాలు చదివిన మంత్రగాడికి 2,500. దొంగకి మాత్రం 1,200 చాలు! రాసినవాళ్ళెవరో లోకం చూసినవాళ్ళే అనుకున్నాను.

అంతకన్నా వింత, ఒక బంగారు నాణెం క్షేమంగా బయటికి తెస్తే ఒక పాయింటు. “డబ్బే అనుభవమా?” అని మొహం చిట్లించాను. వాడు నవ్వాడు. “గాబ్లిన్‌ని చంపితే వచ్చేది అయిదే అత్తయ్యా. అందుకని ఊరికే ఎవరూ కత్తి దుయ్యరు. రాక్షసుడు నిద్రపోతుంటే పక్కనించి జారుకుంటాం, లేదంటే మాటల్లో పెడతాం.” డబ్బాశ చూపించి హత్యలు తగ్గించారన్నమాట! 2000 నాటి పుస్తకం వచ్చేసరికి బంగారం లెక్క పోయి, ఎదురైనవాటిని గెలిస్తేనే పాయింట్లన్నారు. వినడానికి ఇదే మర్యాదగా ఉంది. కాని దేనికి మార్కులు వేస్తే మనిషి ఆ పనే చేస్తాడు కదండీ, గెలుపుకి వేస్తే పోట్లాటలు వెతుక్కుంటూ పోడూ?

“మరి ఏమీ దొరక్క, ఓడిపోయి, గాయపడ్డ స్నేహితుణ్ణి మోసుకుంటూ బయటపడినవాడికో?”

“ఏమీ రాదు. బతికుంటాడు, అంతే.”

బతికుంటాడు, అంతే! మా వదిన గుర్తొచ్చింది. వీడి తల్లే. పక్షవాతం వచ్చిన మా అమ్మని తొమ్మిదేళ్ళు చూసుకుంది. అమ్మ పోయాక ఒక పిల్లల బడిలో ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ, ‘అనుభవం’ అన్న గడి దగ్గర పెన్ను ఆపి, “ఇక్కడ నిల్ అని రాయనా?” అని నన్నడిగింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, “రాసెయ్యి వదినా” అన్నాను. నా నవలల్లో ఆడవాళ్ళ కన్నీటిబొట్టు ఒక్కటీ వృథా పోదు, ఏడ్చి ఏడ్చి జ్ఞానులైపోతారు. ఎదురుగా నిజం మనిషి కూచుంటే మాత్రం సున్నా వేయించాను.

ఆ తొమ్మిదేళ్ళలో ఆవిడ నేర్చుకోనిదేమిటి? ఒళ్ళు నొవ్వకుండా మనిషిని పక్కకి తిప్పడం, మాట పడిపోయిన మనిషి కళ్ళు చూసి దాహమో నొప్పో పోల్చుకోవడం... అలాగని కష్టం ప్రతివాళ్ళనీ పెంచుతుందనీ అనలేను. అంతకుముందు హాయిగా పాడేది వదిన. ఇప్పుడు పాడదు. ఆ పాత పుస్తకంలో కొన్ని ప్రేతాలున్నాయి, తాకితే చాలు, సంపాదించుకున్న లెవెల్ ఒకటి ఊడిపోతుంది! కుర్రాళ్ళకి ఆ నియమం అంటే ఒళ్ళుమంట. నాకేమో ఆట మొత్తంలో నమ్మబుద్ధేసింది అదొక్కటే.

2014 నాటి పుస్తకాల్లో పాయింట్ల గొడవే లేకుండా, కథలో ముఖ్యమైన మలుపు వచ్చినప్పుడు లెవెల్ పెంచే పద్ధతి కూడా ఉంది. “అందులో ఓడినవాడికీ వస్తుందా?” అన్నాను.

“కథ నడిపేవాడి ఇష్టం.”

“అయితే మీ అమ్మకి ఎన్నో లెవెల్ ఇస్తావురా?”

వాడు పాచిక అందుకుంటూ నాకేసి వింతగా చూశాడు.

“అమ్మ ఆడదు కదత్తయ్యా!”