అతుకునకు కర్త యెవరు?

చేసిన కర్మ చేసిన క్షణముననే నశించిపోవుచుండగా, దాని ఫలము కాలాంతరమున కర్తను వెదకికొని యెట్లు వచ్చుననెడి ప్రశ్న మీమాంసకులను చిరకాలము బాధించినది. యాగమునకును స్వర్గమునకును నడుమనున్న ఆ శూన్యమును దాటుటకై వారు ‘అపూర్వ’మను కంటికి గానరాని శక్తి నొకదానిని అంగీకరింపవలసి వచ్చినది. యజ్ఞశాలలు అరుదైన ఈ దినములలో ఆ ప్రశ్న పండితగోష్ఠులకే చెల్లినదని తలచువారు, ఇబ్రహీంపట్నమున సాగర్ రోడ్డు వెంబడినున్న బైకు మెకానిక్కుల కొట్లలో నొకదాని యెదుట నిలిచి, హెడ్‌లైటు వైరింగు బాగుచేయుట చూచినచో, అది అచట ఎంత సజీవముగ నున్నదో గ్రహింపగలరు. ధర్మసూక్ష్మము నెరుగగోరిన కౌశికుడను బ్రాహ్మణుడు మిథిలలో మాంసవిక్రయశాలకు పోవలసివచ్చెనని భారతము చెప్పుచున్నది గదా!

అతుకు ఈ సాయంకాలము వేయబడును, దానిపై టేపు చుట్టబడును, దీపము వెలుగును, రూపాయలు చేతులు మారును. కర్మ అచటితో ముగిసినది. ఫలము మాత్రము శ్రావణమాసపు ముసురులో, యాచారం దాటిన పిమ్మట నడిచీకటిలో, కర్తయు భోక్తయు ఇరువురును ఆ అతుకును మరచియున్న వేళ వచ్చును.

అయితే మీమాంసకుని అపూర్వము ఊహకు మాత్రమే అందునది. కొట్టులోని యీ అపూర్వము కొలతకు సైతము అందును. 12 వోల్టుల బ్యాటరీపై 35 వాట్ల హాలోజన్ బల్బు ఇంచుమించు 3 ఆంపియర్ల కరెంటు తీసికొనును. పోవు త్రోవయు మరలు త్రోవయు కలిసి 3 మీటర్ల దూరమనుకొని, 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు వేసినచో నడుమ నష్టమగునది 0.15 వోల్టు, చేతికందినదని 0.2 చదరపు మిల్లీమీటరు సన్నవైరు వేసినచో ముప్పాతిక వోల్టు. అంతయే కదా యని తోచును గాని, హాలోజన్ దీపపు వెలుగు వోల్టేజీకంటె మిక్కిలి త్వరితముగ తగ్గు స్వభావము కలది గావున, ఆ మాత్రపు లోపమునకే వెలుగున ఐదవ వంతు పోవును. రాగిపూత పూసిన అల్యూమినియము వైరైనచో, చూపునకు రాగియే యైనను, నిరోధము ఒకటిన్నర రెట్లు. ఇక అతుకు సంగతి: వైరు కొనకు తొడిగిన తగు కొలత లోహపు లగ్గును క్రింపింగు ప్లయరుతో నొక్కినపుడు పోగులన్నియు ఏకశరీరమువలె బిగిసికొనును, చేతితో మెలిపెట్టి టేపు చుట్టినచోట తేమ చేరి, చిలుము పట్టి, నిరోధము పెరిగి, వేడెక్కి, ఆ వేడికి చిలుము ఇంకను పెరుగును. సోల్డరు చేసినచో మేలని కొందరందురు. కరగిన సోల్డరు పోగుల వెంట ప్రాకి గట్టిపడినచోట, ఆధారము లేకున్న, ఇంజను అదురునకు వైరు తెగుట కలదు. 2017 ఏప్రిల్ 1 నుండి కొత్త ద్విచక్రవాహనములందు ఇంజను నడచునంతసేపు హెడ్‌లైటు వెలుగవలెనను నియమము వచ్చినందున, అట్టి అతుకునకు పగలు సైతము విశ్రాంతి లేదు.

ఈ ఫలము ఎవనికి చెందును? యాగఫలము యజమానునిదే యనియు, ఋత్విక్కులు దక్షిణచే కొనబడినవారు గనుక వారికి దక్షిణయే చెల్లుననియు మీమాంస నిర్ణయము. ఈ న్యాయమును కొట్టునకు తెచ్చి, “తమ్మీ, ఎట్లనన్న జేసి వెలిగేటట్టు జెయ్యి, వంద రూపాయలల్ల అయిపోవాలె” అని బండివాడే అడిగెను గనుక, సన్నవైరుతో ముగించిన పనివానికి దోషము లేదని వాదింపవచ్చును. ఈ వాదము నాకు సమ్మతము కాదు. యజ్ఞమున బ్రహ్మ యను ఋత్విక్కు మౌనముగ కూర్చుండి, పొరపాటు జరిగినచో కర్మ ముగియకమునుపే ప్రాయశ్చిత్తము చేయును. టేపు క్రింది అతుకును కనిపెట్టు బ్రహ్మ లేడు. బండివాడు వెలుగును చూడగలడు గాని నిరోధమును చూడలేడు. తెలిసినవాడు ఒక్కడే యైనపుడు, దక్షిణ పుచ్చుకొన్నంత మాత్రమున బాధ్యత ఎట్లు బదిలీయగును? నమ్మి యొప్పగించినదానిని చెడకుండ కాపాడవలెనని ఇస్లాము బోధించు అమానత్ భావము ఇచట మీమాంసకంటె సూటిగ పలుకుచున్నదని నా నమ్మకము.

కావున ప్రాయశ్చిత్తము కర్మలోనే చేరవలెను. లైటు వెలుగుచుండగా బ్యాటరీ వద్ద నొకమారు, బల్బు హోల్డరు వద్ద నొకమారు మీటరు పెట్టి, తేడా అర వోల్టు మించినచో టేపు విప్పవలెను. ఆ రెండంకెలను బండివానికి చూపవలెను. చూచిన పిదపను అతడు సన్నవైరే చాలునన్నచో, అతని వంతు దోషము నిజముగ అతనికి పోవును. కాని చీకటిలో ఎదురుగ నడచివచ్చు కూలివాడు ఆ బేరములో లేడు, అతనికి కలుగు కీడునకైన దోషమును ఎవరి సమ్మతియు మార్చజాలదు. అందువలన అట్టి పనికి “గట్లయితే నేను జెయ్యనన్నా” అనుటయే పనివాని ధర్మమని నాకు తోచుచున్నది. ఆ మాటకు ఆ పూట వంద రూపాయలు పోవునని, ఆ వంద రూపాయలపై ఒక యిల్లు ఆధారపడియుండవచ్చునని యెరిగియే యిట్లు వ్రాయుచున్నాను.