పట్టికకెక్కని వారు

అమెరికా దేశమందు టెలివిజను కార్యక్రమములకు ఏటేట ఎమ్మీ అను బహుమానము లిచ్చుదురు. మొదట కొందరిని నామినేషను చేసి, వారిలోనుండి ఒకరిని ఎన్నుకొందురు. ఆ పట్టికకెక్కని వారు తక్కువ వారా?

2002 మొదలు 2008 వరకు ప్రసారమైన 'ది వైర్' అను ధారావాహిక బాల్టిమోరు పట్టణపు పోలీసులను, మత్తుమందులమ్ము పేద బాలురను, పాఠశాలలను ఉన్నదున్నట్లు చూపెను. దానికి వచ్చిన ఎమ్మీ నామినేషన్లు రెండే, రెండును రచనకే. నటులలో ఒక్కరి పేరైనను చేరలేదు. బహుమానము ఒక్కటియు రాలేదు. నేడు అనేకులు దానిని మిక్కిలి శ్రేష్ఠమైన వాటిలో లెక్కించుచున్నారు. 'బెటర్ కాల్ సాల్' అనునది 53 నామినేషన్లు పొందియు ఒక్క ఎమ్మీయైనను గెలువలేదు.

గెలిచినవారు అయోగ్యులని మేము చెప్పము. ఎన్నుకొనువారు తాము చూచినదానినే తూచగలరు, చూడనిదానిని తూచలేరు. కాబట్టి బహుమానము చూచినవారి అభిప్రాయమే గాని పనికి తూనికరాయి కాదు.

అయితే మెప్పు అక్కరలేదనుట మెప్పు పొందినవారికి సులభము. గుర్తింపులేక పనిచేయువాని మనస్సు నొచ్చుట నిజమే. కనుక మన కంటబడిన మంచిపనిని మంచిదని వానితోనే చెప్పుదము. పట్టిక వ్రాయు అధికారము మనకు లేదు. ఆ ఒక్క మాటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.