లెక్క చూడక కొన్నది
(లూకా 14:28–30)



"అయ్యగారూ, ఒకరు వాడిన జెట్టు విమానము సగము వెలకే దొరకునట. సువార్తకొరకు కొనిన తప్పేమి?" అని మా సంఘపు యౌవనుడొకడు అడిగెను. వాహనమందు పాపము లేదు. లెక్క చూడకుండుటలోనే తప్పున్నది.

ఎనిమిది తొమ్మిది మంది కూర్చుండు ఛాలెంజర్ 300 వంటి విమానమునకు ఏండ్లు గడచినకొలది వెల తగ్గును గాని పోషణ తగ్గదు. ఎగిరినను ఎగురకున్నను పైలట్ల జీతము, బీమా, షెడ్డు అద్దె, గడువు తనిఖీలు ఆగవు. అందుకే తెలిసినవారు రంగు చూచి కొనరు. దాని రికార్డు పుస్తకములు మొదటి పుటనుండి చదివించి, ఇంజనులోనికి సన్నని కెమెరా పంపి, తుప్పు వెదకించి, పిమ్మట బేరమాడుదురు.

మన తెలుగు సువార్తికులు కె.ఎ. పాల్ గారి సంస్థ 2000ల దశకమున, అంతకుముందు ఇతరులు నడిపిన బోయింగ్ 747 ఎస్‌పి విమానమును సేవకై వాడెను. తుదకది అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఏండ్ల తరబడి నిలిచిపోయెను.

ఒకరిని తీర్పు తీర్చ మనమెవరము? ఈ భద్రాచలము అడవి అంచున మేమును అట్లే చేసితిమి. రోగులకొరకని పాత జీపు అగ్గువకు కొంటిమి. టైర్లకు, డీజిలుకు పైకము దాచలేదు. ఒక వానరాత్రి కోయ తల్లి ప్రసవవేదన పడుచుండగా జీపు చింతచెట్టు క్రింద కదలక నిలిచెను. ఆమెను మంచముపై మోసికొనిపోతిమి. దేవుని కృపవలన తల్లియు బిడ్డయు బ్రతికిరి. మా సిగ్గు మాత్రము మిగిలెను.

కావున ప్రియులారా, కానుక పట్టుటకు ముందే కూర్చుండి, కొను వెలతోబాటు నడుపు వెలయు లెక్కింతము. గోపురము పునాదితోనే నిలిచిపోయినయెడల నవ్వులపాలగునది మనము మాత్రమే కాదు, మన ప్రభువు నామమును. ఆమేన్.