అసంపూర్ణ కార్యము – పరీక్షకుని ధర్మము

ఒకరు ఆరంభించి మధ్యలో నిలిపిన పనిని పరిశీలించి, గ్రాహ్యమా కాదా అని తీర్పు చెప్పవలసిన వానికి సంకటము తప్పదు. శ్రమించినవానియెడ దయ చూపవలెనని మనస్సు లాగును. ఆ పనిని నమ్మి వాడుకొనబోవు వారికి ద్రోహము చేయరాదని బుద్ధి హెచ్చరించును. ఈ సంకటము ప్రాచీనమైనదే అయినను, నేటి కంప్యూటరు రంగమున అది మిక్కిలి స్పష్టముగా కానవచ్చుచున్నది.

డిస్కుపై నిలువచేసిన ఫైళ్లలో ఏది ఎచట మొదలగునో, దాని పేరేమో, పరిమాణమెంతో తెలుపు ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అందురు. ఆ ఏర్పాటును గ్రహించి కంప్యూటరునకు అందించు ప్రోగ్రామునకు డ్రైవర్ అని పేరు. వాహనము నడుపువానితో దీనికి సంబంధము లేదు. పెద్ద కొట్టుగదికి చిట్టా ఎట్టిదో డిస్కునకు ఫైల్ సిస్టమ్ అట్టిది. చిట్టా చూచు గుమాస్తాయే డ్రైవర్. గుమాస్తా చిట్టాను తప్పుగా చదివినచో అడిగిన వస్తువు దొరకదు, అంతే. తప్పుగా వ్రాసినచో ఉన్న వస్తువు సైతము లేనిదగును. ఒక గృహస్థుని ఇరువది యేండ్ల ఛాయాచిత్రములు, ఒక దుకాణదారుని లెక్కలు అట్లు పోయిన పిదప ఎవరి పశ్చాత్తాపమును వానిని తిరిగి తేజాలదు.

2001లో బీ అను సంస్థ తన ఆస్తులను పామ్ సంస్థకు విక్రయించినది. ఆ సంస్థ నిర్మించిన బీఓఎస్‌ను అభిమానించినవారు దానివంటి ఆపరేటింగ్ సిస్టమును తామే నిర్మింప పూనుకొనిరి. ఆ ప్రయత్నమునకు 2004 నుండి హైకూ అని పేరు. దాని కోడ్ బహిరంగము. ఎవరైనను చదువవచ్చును, సవరణలు పంపవచ్చును. గూగుల్ సంస్థ 2005లో ఆరంభించిన సమ్మర్ ఆఫ్ కోడ్ పథకము ద్వారా ఇట్టి ప్రాజెక్టులలో ఎందరో విద్యార్థులు భృతి పొందుచు, ఒక మార్గదర్శకుని పర్యవేక్షణలో పనిచేసిరి. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ 1990 దశకమున రూపొందించిన ఎక్స్‌ఎఫ్‌ఎస్ అను ఫైల్ సిస్టమునకు హైకూలో డ్రైవర్ వ్రాయు పని ఆ విధముగనే వేసవి యభ్యర్థుల చేతికి వచ్చినది.

అట్టి పనిలో ఒక విద్యార్థి సగము దారిలో ఆగినాడనుకొనుడు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో డైరెక్టరీ చిన్నదైనచో దానిలోని పేర్లన్నియు ఐనోడ్ అను చిన్న నమోదులోనే ఇమిడియుండును. పేర్లు పెరిగినకొలది అది ఒక బ్లాకులోనికి, పిదప అనేక బ్లాకులలోనికి, తుదకు వృక్షమువలె శాఖలుగల నిర్మాణములోనికి మారును. విద్యార్థి మొదటి రూపములను సాధించినాడు; శాఖల దశకు చేరుసరికి వేసవి ముగిసినది, కళాశాల తెరచినారు. పది ఫైళ్లతో పరీక్షించినపుడు అంతయు సవ్యముగనే యున్నది. పదివేల ఫైళ్లు గల డైరెక్టరీని తెరచినపుడు కొన్ని పేర్లు కనిపించుట లేదు. ఏ దోష సందేశమును రాదు! నిజమైన అపాయము ఇదియే. లేదని చెప్పు గుమాస్తా కంటె, ఉన్నదానిని లేనట్లు నమ్మించు గుమాస్తా ప్రమాదకరుడు.

పాపము, మూడు నెలలు కష్టపడినాడని దానిని అట్లే స్వీకరించుట దయవలె తోచును. కాని ఆ దయకు మూల్యము చెల్లించువాడు పరీక్షకుడు కాడు; ఎక్కడనో ఉండి, ఈ విషయమేమియు ఎరుగని అన్యుడు. ఒకరి సొమ్ముతో చేసిన దానము దానమగునా? అట్లని మొత్తమును త్రోసివేయుటయు న్యాయము కాదు. సరిగా పనిచేయు భాగము సరియైనదే కదా. ఇక మిగిలినది తానే పూర్తిచేసి తన పేర వేసికొనుట కొందరు సమర్థులకు గల దుర్గుణము. దీనికి అవసరమును లేదు: కోడ్ మార్పులను భద్రపరచు గిట్ అను సాధనము వ్రాసినవాని పేరును, దానిని చేర్చినవాని పేరును వేరువేరుగా నిలుపును.

మార్గము ఎక్స్‌ఎఫ్‌ఎస్ నిర్మాణములోనే సూచింపబడియున్నది. దాని ఐదవ రూపములో డిస్కు ఆరంభమున కొన్ని గుర్తులుండును. ఒక తరగతి గుర్తులలో తనకు తెలియనిది కనిపించినచో డ్రైవర్ ఆ డిస్కును తెరువనే రాదు. మరియొక తరగతిలో తెలియనిదున్నచో చదువవచ్చును గాని వ్రాయరాదు. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనుట ఇచట మర్యాద మాత్రమే కాదు, నియమము. అసంపూర్ణమైన డ్రైవరునకును ఇదే వర్తించును. శాఖల రూపము ఎదురైనచోట స్పష్టమైన దోష సందేశముతో ఆగుట, చదువుటకు మాత్రమే అనుమతించుట – ఈ రెండు పంక్తుల పని చేర్చినచో సగము డ్రైవర్ నిజాయితీగల సగమగును. అపుడు దానిని స్వీకరించుటకు అభ్యంతరము లేదు. కావున పరీక్షకుడు అడుగవలసినది ‘పూర్తియైనదా’ అని కాదు, ‘తన హద్దును తాను చెప్పుకొనుచున్నదా’ అని.

వ్యక్తిపై తీర్పు వేరు. ఆ పథకములో మార్గదర్శకుడు విద్యార్థి ఉత్తీర్ణుడా కాదా అని నిర్ణయించుట ఒకటి, కోడ్‌ను చేర్చుట మరియొకటి. చేర్చదగని కోడ్ వ్రాసినవాడును శ్రద్ధగా నేర్చి ఉత్తీర్ణుడు కావచ్చును. ఈ రెంటిని కలిపివేయు పరీక్షకుడు అయిన విద్యార్థి మీది జాలితో కోడ్‌ను చేర్చును, కాదా కోడ్ మీది విసుగుతో విద్యార్థిని నొప్పించును.

నొప్పించుట మాటలలోనే జరుగును. ‘అజాగ్రత్తగా వ్రాసితివి’ అనుటకును, ‘ఇచట పొడవు సరిచూడక ముందే చదువుట జరుగుచున్నది, చెడిన డిస్కు తగిలినచో యంత్రము ఆగిపోవును’ అనుటకును ఎంత భేదము! మొదటి మాటకు సమాధానమే లేదు. రెండవదానికి ఆ సాయంకాలమే దిద్దుబాటు రావచ్చును.

రాకపోవచ్చును కూడ. చదువులు, ఉద్యోగము, సంసారము – విద్యార్థి తిరిగి రానివారిలో చేరవచ్చును. హైకూ ఎక్స్‌ఎఫ్‌ఎస్ పనిలో 2020 వేసవిలో ఒకరు, 2022లో మరొకరు శ్రమించిరి. రెండవవారు మొదటివారి కోడ్ మీదనే నిలిచి పనిచేసిరి. ఇట్లు పిమ్మట వచ్చువాడు మొదట వెదకునది తన ముందువాడు ఆగిన చోటును. ఆగినచోట ‘ఈ రూపము ఇంకను చదువబడదు’ అను ఒక్క పంక్తి వ్యాఖ్య, దాని ప్రక్కన వ్రాసినవాని పేరు ఉన్నచో, వాడు ఆ దినముననే పని మొదలుపెట్టును.